గోదావరిఖనిలో సొరకాయలు లెక్కపెట్టిన వారం

విజయవాడలో మా అపార్టుమెంటు డాబా మీద నావి పదకొండు కుండీలున్నాయి. పోయిన ఏడాది ఒక ఇంగ్లిషు పుస్తకం చదివి, నగరాలు తమ తిండి తామే పండించుకోగలవని నమ్మి వాటిని కొన్నాను. ఏడాది మొత్తం మీద నాలుగు టమాటాలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు, ఒక వంకాయ వచ్చాయి. నలుగురికి ఒక్క వంకాయ ఎలా వండాలో తెలియక అమ్మ దాన్ని సాంబారులో వేసింది. అది ఎవరి కంచంలోకి వెళ్లిందో ఇప్పటికీ తేలలేదు. నాన్న మాత్రం రోజూ పొద్దున నీళ్ల మగ్గుతో నేను మెట్లెక్కుతుంటే, "పొలానికి బయల్దేరావా?" అని అడుగుతాడు.

ఈ సంగతి ఫోనులో చెబితే షబానా చాలాసేపు నవ్వింది. డిగ్రీలో హాస్టల్ గదిలో మూడేళ్లు కలిసి ఉన్నాం. వాళ్ల నాన్న గోదావరిఖనిలో బొగ్గుగని ఉద్యోగి. క్వార్టర్లలో ఉంటారు. "మా లైన్ల కూరగాయలు కొననే కొనం. వచ్చి చూడు, నీ పుస్తకానికి ఇంకో పేజీ రాసుకో" అంది. ఆరు రోజులు సెలవు పెట్టి వెళ్లాను. బస్సులో కండక్టరును చిల్లర అడగలేక దిగిపోయే మనిషిని నేను. అలాంటి నా చేత అక్కడ ఏమేం చేయించారో చెబితే మా ఇంట్లో నమ్మడం లేదు. అందుకే డైరీ పక్కన పెట్టుకుని రాస్తున్నాను.

రామగుండం స్టేషన్ బయట

రైలు దిగగానే ముందు కనిపించింది చిమ్నీ. ఎటు తిరిగినా అదే. విద్యుత్ కేంద్రం చిమ్నీ అని షబానా చెప్పింది. శ్రావణ మాసం, సన్నటి వాన. స్టేషన్ బయట ఒకామె మక్క కంకులు కాలుస్తోంది. కంకి ఇరవై రూపాయలు. మా ఊళ్లో కూడా అంతే, కానీ మా దగ్గర నిమ్మచెక్కతో ఒకసారి రాసి ఇచ్చేస్తారు. ఈమె కారం అద్ది, రాసి, మళ్లీ అద్ది, నేను చాలనేదాకా రాసింది. నేను చాలనడానికి మొహమాటపడ్డాను. ఫలితం నోరే అనుభవించింది.

ఊరికి తగ్గ మాట ఒకటి మాట్లాడదామని, ఇవి గనిలోంచి వచ్చిన బొగ్గులేనా అని అడిగాను. ఆమె విసనకర్ర ఆపి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గని బొగ్గు మీద కాలిస్తే నువ్వు కంకి తింటవా, గ్యాసునూనె వాసన తింటవా? కట్టె బొగ్గు బిడ్డా ఇది. కొని తెచ్చిన."

బొగ్గు పండే ఊళ్లో బొగ్గు కొనుక్కుంటారని డైరీలో మొదటి వాక్యం రాసుకున్నాను.

ఎనిమిదో లైను

క్వార్టర్లు వరసలుగా ఉంటాయి. వరసను లైను అంటారు. షబానా వాళ్లది ఎనిమిదో లైను, ఇరవై రెండు ఇళ్లు. ముందు రోడ్డు, వెనక సన్నటి గల్లీ, దాని తరవాత ప్రహరీ దాకా పొడుగ్గా ఖాళీ జాగా. తోట అంటే అదే. పాత ఇనుప తాడు మీద చిక్కుడు పాకింది. తుక్కులో కొన్న కన్వేయర్ బెల్టు ముక్కలు కంచె అయ్యాయి. ఆయిలు డబ్బాల్లో కొత్తిమీర, విరిగిన బకెట్లలో మిరప. నా పదకొండు కుండీల మీద నాకు జాలేసింది, అన్నీ ఒకే రంగులో, ఒకే ఎత్తులో ఉంటాయి అవి.

షబానా వాళ్లమ్మ రజియా ఆంటీ ఇంట్లో దక్కనీ మాట్లాడుతుంది, గడప దాటగానే తెలుగు. నాకు మూడోసారి అన్నం పెడుతూ, "ఖావో బేటా, షర్మావ్ నక్కో" అంది. సిగ్గుపడొద్దు అని షబానా అర్థం చెప్పింది. ఆ వారంలో నేను ఎక్కువసార్లు విన్న మాట అదే.

తోటకు శత్రువులు కోతులు. వాటికోసం రిటైరైన మగవాళ్లు కాపలా ఉంటారు, అదీ షిఫ్టుల లెక్కన. పొద్దున షిఫ్టు మల్లయ్య కాకది. ముప్పై రెండేళ్లు గనిలో చేసిన మనిషి. కుర్చీ, కర్ర, మెడలో ఈల. మధ్యాహ్నం రెండింటికి అన్నం చల్లారిపోతోందని ఇంట్లోంచి పిలుస్తున్నా కదలడు. రెండో షిఫ్టు మనిషి వచ్చి ఎదురుగా నిలబడితేనే లేస్తాడు. కోతులు కూడా ఆ షిఫ్టు మారే పది నిమిషాలు చూసుకునే వస్తాయని, అవి యూనియన్‌లో చేరాయని లైనులో ఆయన్ని ఏడిపిస్తుంటారు.

రాజవ్వ శపథం

ఆ సాయంత్రం షబానా నన్ను మూడిళ్ల అవతల రాజవ్వ దగ్గరికి తీసుకెళ్లింది. యాభై ఎనిమిదేళ్లుంటాయి. భర్త గని కార్మికుడు, పోయి నాలుగేళ్లయింది. ఉద్యోగం, క్వార్టరు కొడుక్కి వచ్చాయి. లోపల మంచం మీద ఆమె కూతురు మమత, పక్కన పదిహేడు రోజుల పాప. మమత నన్ను చూసి నవ్వింది, ఏమీ అనలేదు. నాలాంటి మనిషి అనుకుని సంతోషపడ్డాను.

కానీ మమత ముందు అలా ఉండేది కాదట. ఏడాదిన్నర కింద మంథని అవతల ఒక పల్లెలో ఇచ్చారు. వ్యవసాయం చేసే ఇల్లు. వెళ్లిన వారానికి అత్త పోసవ్వ కొత్తిమీర తెమ్మంటే, మమత అలవాటు కొద్దీ దుకాణానికి వెళ్లి ఒక కట్ట కొనుక్కొచ్చింది. పెరట్లో మడి నిండా కొత్తిమీర ఉంది. పోసవ్వ ఆ కట్టను చుట్టాలందరికీ చూపించింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మమతను పేరుతో పిలిచినవాళ్లు తక్కువ. కొనుక్కతినేటోళ్ల బిడ్డ. సీమంతంలో కూడా అదే పిలుపు. మొదట్లో మమత కూడా నవ్వేదట. తరవాత నవ్వు ఉంది గానీ మాట పోయింది.

మరో నాలుగు రోజుల్లో పాపను తొట్టెలలో వేసే పండగ. పోసవ్వ తరఫు నుంచి ముప్పై మంది వస్తారు, లైను వాళ్లు ఇంకో ముప్పై. శ్రావణం కాబట్టి కోళ్లు బతికిపోయాయి, భోజనం అంతా కూరగాయలే. ఆ కూరగాయల్లో ఒక్క ఆకు, ఒక్క కాయ బజారుది ఉండకూడదని రాజవ్వ పట్టు. ఐదో నెలలో మమత పాపను తీసుకుని అత్తారింటికి వెళ్లిపోతుంది. ఆ పేరు పాపతో పాటు వెళ్లకూడదు.

"నా బిడ్డకు పెట్టిన పేరు నా మనుమరాలికి పెట్టనియ్య" అంది రాజవ్వ. తరవాత నా వైపు తిరిగి, "నువ్వు చదువుకున్నదానివట గద. ఇల్లిల్లు తిరిగి ఎవల కాడ ఏమున్నదో రాసుకరా. గదాన్ని బట్టి వంట."

ఎవరింటికైనా వెళ్లి పిలవడమంటే నాకు చెమటలు పడతాయని చెప్పాలనుకున్నాను. అది చెప్పడానికి కూడా మొహమాటమేసింది. సరేనండి అన్నాను. ఆ 'అండి'కి మంచం మీద మమత కూడా నవ్వింది.

నోటు పుస్తకంతో రెండు రోజులు

మొదటి ఇంటి గేటు దగ్గర నాలుగు నిమిషాలు నిలబడ్డాను. లోపలి నుంచి ఒకామె, "కరెంటు బిల్లా?" అని అడిగింది. కాదన్నాను. "మరి జల్ది లోపటికి రా, తడుస్తున్నవు" అంది. అంతే, ఆ తరవాత ఎవరూ నన్ను పిలవనివ్వలేదు. నేను కనిపించగానే టీ పొయ్యి మీద పెట్టేవాళ్లు. మా అపార్టుమెంటులో ఎదురింటివాళ్ల వంటగది ఏ వైపు ఉందో నాకు తెలియదు. ఇక్కడ రెండు రోజుల్లో ఇరవై రెండు వంటగదులు చూశాను, పద్దెనిమిది టీలు తాగాను. సర్వపిండి నాలుగిళ్లలో తిన్నాను. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు కలిపి గిన్నె అడుగుకు అద్ది కాలుస్తారు. మా ఊళ్లో దీనికి సాటి వచ్చేది లేదు, ఈ విషయం అమ్మకు చెప్పలేదు.

సొరకాయను ఇక్కడ ఆనిగెపుకాయ అంటారు. పందిళ్ల మీద పూతా పిందే ఉన్నాయి గానీ పెద్ద కాయలు కనపడలేదు. వంటిళ్లలో మాత్రం కనపడ్డాయి. నాలుగో నంబరులో ఫ్రిజ్ మీద ఒకటి. పదకొండులో బియ్యం డబ్బా మీద. పదిహేడులో బట్టలు పెట్టే టబ్బులో, తడి తువ్వాలు కప్పి. రెండో రోజు సాయంత్రానికి తొమ్మిది తేలాయి. అన్నీ నిండుగా, పొడుగ్గా, దాదాపు ఒకే కొలత. లెక్కతో పాటు పరిశీలన కూడా ఉండాలని ఆ పుస్తకం చెప్పింది కదా అని ఇలా రాసుకున్నాను: "ఇక్కడి సొరకాయకు మెడ దగ్గర నాలుగు సన్నటి గీతలుంటాయి. అన్నింటికీ ఉన్నాయి. స్థానిక జాతి లక్షణం కావచ్చు. విత్తనం అడగాలి."

నా లెక్క విని రాజవ్వ ముఖం విప్పారింది. తొమ్మిది కాయలంటే అరవై మందికి పులుసు, కూర రెండూ అవుతాయి. చిక్కుడుకాయలు ఆరు కిలోల పైనే తేలాయి. మమత చేతిలో పాపను పెట్టి, రాజవ్వ అక్కడే నిలబడి ఏ గుండిగలో ఏది వండాలో చెప్పింది. ఒక నగరం తనను తాను పోషించుకోవడం కళ్లారా చూశానని ఆ రోజు డైరీలో రాశాను. ఆ పేజీ చింపలేదు, ఉంది.

మెడ మీద గాటు

నాలుగో రోజు మధ్యాహ్నం, పండగ మర్నాడనగా, షబానా, నేను గోనెసంచి పట్టుకుని కాయలు పోగుచేయడానికి బయల్దేరాం. నాలుగో నంబరు ఆమె, "మా కాడ యాడుంది? ఆరో నంబరోళ్లను మజ్జిగ అడిగితే ఇచ్చిన్రు, ఖాళీ గిన్నె ఎట్ల పంపాలని కాయ పెట్టి పంపిన" అంది. ఆరులో అడిగితే తొమ్మిదికి ఇచ్చామన్నారు. తొమ్మిదిలో పదకొండుకి. పదకొండులో భార్యాభర్తలిద్దరే ఉంటారు. ఇద్దరికి అంత కాయ కోస్తే మూడు పూటలు అదే తినాలని పద్నాలుగుకి ఇచ్చారు. సంచి ఖాళీగానే లైను చివరిదాకా వచ్చింది. ఇరవై ఒకటో నంబరులో తలుపు పక్కన చాప మీద ఒక సొరకాయ పడుకుని ఉంది.

మల్లయ్య కాక అప్పుడే డ్యూటీ దిగి వస్తున్నాడు. కాయను చూడగానే చేతిలోకి తీసుకుని మెడ తడిమాడు.

"గిది ఇంకా కొయ్యలేదా ఎవలు? శుక్రవారం నాడు కోతి గుంజుకపోతుంటె దాని చేతులకెళ్లి నేనే లాక్కున్న. ఇగో, దాని గోర్లు."

నాలుగు సన్నటి గీతలు.

షబానా నా చేతిలోంచి నోటు పుస్తకం లాక్కుని 'స్థానిక జాతి లక్షణం' అన్న చోట వేలు పెట్టి ఒకసారి పైకి చదివింది. తరవాత రోడ్డు మీదే కూర్చుండిపోయింది. మల్లయ్య కాక మర్యాదగా ముఖం అటు తిప్పుకుని నవ్వాడు. నేను తొమ్మిదిళ్లలో చూసింది ఒక్క కాయనే. అది నాకంటే వేగంగా లైను తిరిగింది. చిక్కుడుకాయలదీ అదే కథ. ఆరు కిలోలు కాస్తా, తూస్తే కిలోన్నర.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. మీ దగ్గర ఏముందని అడిగాను, చూపించారు. మీ చెట్టుదేనా అని అడగలేదు. అడగాలని మా ఊరి మనిషికి ఎలా తోస్తుంది? మా ఊళ్లో ఎవరి ఫ్రిజ్ మీది కాయ వాళ్లదే. రజియా ఆంటీ తరవాత నాకు చెప్పింది: ఈ లైనులో గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లదు, కాయ పెద్దదైతే చిన్న ఇంట్లో ఆగదు. పండించేది కొంచెమే, అది అందరి వంటింట్లోనూ కనపడుతుంది కాబట్టి లైను నిండా ఉన్నట్టు వాళ్లకే అనిపిస్తుంది. షబానా నాతో ఫోనులో కొట్టిన గొప్ప కూడా అందులోదే. ఆంటీ శనివారం సంతకు వెళ్లి ఆలుగడ్డ, టమాట తెస్తుందని, అది కొనడం కింద ఆ ఇంట్లో లెక్క కాదని అప్పుడే బయటపడింది.

చిమ్నీ కనవడేదాకా

రాజవ్వకు ఎవరు చెప్పాలన్న దగ్గర షబానా నవ్వు ఆగింది. నేనే చెప్పాలి. గడపలో నిలబడి, ఒక్క గుక్కలో, ఉన్నది ఒకటే కాయండి, నేనే తప్పు రాశానండి అన్నాను. రాజవ్వ పొయ్యి దగ్గర కూర్చుని గరిటె కింద పెట్టింది. మంచం మీద మమత కళ్లు దించుకుంది. పోసవ్వ రేపు వచ్చి ఏమంటుందో, ఆ మాట ఈ పిల్ల ఎన్నాళ్లు మోస్తుందో, అంతా నా నోటు పుస్తకం పుణ్యమే.

షబానా మెల్లగా, బజారులో తెద్దాం అవ్వా, పోసవ్వకు ఎట్ల తెలుస్తది అంది.

"ఆమెకు తెల్వదు. నాకు తెలుస్తది. నా బిడ్డకు తెలుస్తది" అంది రాజవ్వ.

తరవాత రాజవ్వ లేచి బయటికి వచ్చి, వానలో కళ్ల మీద చెయ్యి పెట్టుకుని చూసింది. చిమ్నీ కనిపిస్తోంది.

"గా చిమ్నీ కనవడేదాక మన ఊరే. గంతల ఏ చెట్టుకు కాసినా మనదే. ఇచ్చేటోళ్లు ఇస్తే తేండ్రి. కొనద్దు." నన్ను చూసి, "రాసుడు బంద్ చెయ్యి బిడ్డా. అడుగుడు నేర్చుకో."

జ్యోతినగర్ గేట్లు

జ్యోతినగర్ విద్యుత్ కేంద్రం వాళ్ల టౌన్‌షిప్. స్కూటరు మీద వెళ్లాం. రోడ్లు శుభ్రం, ఇళ్ల చుట్టూ పెద్ద పెద్ద ఆవరణలు, ప్రతి ఆవరణలో చెట్లు. ఒక్కొక్క గోడ మీంచి మునగ కొమ్మలు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. షబానా స్కూటరు ఆపి, ఇంజను ఆపకుండా, "పో" అంది.

మొదటి గేటు దగ్గర గంట నొక్కాను. ఒకావిడ వచ్చింది. నేను దారంతా వల్లించుకున్న వాక్యంలో 'కూర' అన్న మాట ఒక్కటే నోట్లోంచి వచ్చింది. ఆవిడ సంచి చూసి, "తోటకూర ఉందా? కట్ట ఎంత?" అని అడిగింది. నేను అమ్మడానికి రాలేదని, ఊరికే ఇమ్మని అడగడానికి వచ్చానని చెప్పడం నా జీవితంలో కష్టమైన వాక్యం. చెప్పాను. పాప, తొట్టెల, అత్త, కొత్తిమీర కట్ట, సొరకాయ మెడ, అన్నీ చెప్పేశాను. ఆవిడ గేటుకు ఆనుకుని అంతా విని, నన్ను వెనక్కి తీసుకెళ్లింది. నేల మీద మూడు గుమ్మడికాయలు, బొప్పాయి చెట్టు నిండా పచ్చికాయలు. రాలి కుళ్లినవి కూడా ఉన్నాయి. "ఎవరికివ్వాలో తెలీక వదిలేస్తాం. అడిగినవాళ్లు లేరు ఇన్నాళ్లూ" అంది. కొడవలి తెచ్చి ఆవిడే కోసింది.

ఆ రోజు పదకొండు గేట్లు కొట్టాను. రెండు చోట్ల కుక్కలు సమాధానం చెప్పాయి. ఒకచోట చందా అనుకుని యాభై రూపాయలివ్వబోయారు. మిగిలినవాళ్లు మునగ కొమ్మలు, బచ్చలి, కరివేపాకు, ఒక అరటిగెల ఇచ్చారు. లైనులో కొంచెం పండితే తొమ్మిదిళ్లు తిరుగుతుంది, ఇక్కడ తొమ్మిది పండితే ఒక్క గేటు దాటదు. నా పుస్తకంలో గజానికి ఎన్ని కిలోలన్న లెక్కలున్నాయి గానీ గేట్ల గురించి ఏమీ లేదు.

తొమ్మిదో గేటు వెనక ఒక ఇంజనీరుగారు ఉన్నారు. సంతోషంగా మేడ మీదికి తీసుకెళ్లారు. మట్టి లేకుండా, తెల్ల గొట్టాల్లో నీళ్లు పారించి ఆకుకూర పెంచుతున్నారు. మోటారు, టైమరు, మందునీళ్ల డబ్బాలు, దోమతెర. అరగంట వివరించారు. భవిష్యత్తులో నగరాలన్నీ ఇలాగే తింటాయన్నారు. బల్ల మీద నేను చదివిన పుస్తకమే ఉంది. నేనూ చదివానని చెప్పలేదు, చెబితే ఇంకో అరగంట. చివరికి సలాడ్ ఆకు ఒక గుప్పెడు, వేళ్లతో లెక్కపెట్టినట్టు తెంపి, కవరులో పెట్టి, ఆడపిల్లను అత్తారింటికి పంపుతున్నంత బాధగా చేతికిచ్చారు. మెట్లు దిగుతుంటే షబానా, "నీ పదకొండు కుండీలకు అన్న దొరికిండు" అంది.

మేం తిరిగొచ్చేసరికి లైను ఆడవాళ్లు కూడా ఊరుకోలేదు. ప్రహరీ వెంబడి గంగవాయిలి కూర, పుంటికూర, ఎవరూ నాటని చెంచలి కూర బుట్టల కొద్దీ తెంపి తెచ్చారు. పుంటికూర అంటే మా గోంగూరే. దాన్ని చూడగానే నాకు ధైర్యం వచ్చింది.

తొట్టెల

ఐదో రోజు పదకొండింటికి ఒక వ్యాను, రెండు ఆటోలు వచ్చి ఆగాయి. ముందు దిగింది పోసవ్వ. పొడవైన మనిషి, చేతులకు వెండి కడియాలు, గొంతు ఆమె కంటే ముందే లోపలికొచ్చింది. పాపను ఎత్తుకుని ముద్దాడి, ఇరవై ఒకటో రోజుకే ఇంత జుట్టా అని మురిసిపోయింది. తరవాత వ్యాను వైపు తిరిగి బియ్యం బస్తా దింపించింది.

"తీస్కో వదినె. మీరు కొనుక్కతినేటోళ్లు గద, నెల దినాలు ఎల్తది."

వియ్యపురాళ్లు ఒకరినొకరు వదినె అనుకుంటారు. లైను మొత్తం విన్నది. రాజవ్వ బస్తా మూతి విప్పి, దోసిట్లోకి తీసి చూసి, మంచి బియ్యమని మెచ్చుకుని, ఆ బియ్యమే కడిగి ఎసట్లో పోయించింది. అలా ఎందుకు చేసిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆమెకూ తెలిసి ఉండదు. కోపమొస్తే ఆమె వంట ఎక్కువ చేస్తుందని మమత చెప్పింది. మమత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

పాపను తొట్టెలలో వేశారు, పాటలు పాడారు, పాప ఒక్కసారీ కళ్లు తెరవలేదు. రోడ్డు మీద టార్పాలిన్ కింద విస్తళ్లు వేశారు. వడ్డించేవాళ్లలో నన్నూ నిలబెట్టారు, అన్నం డ్యూటీ. మునగాకు పప్పు, పుంటికూర, పచ్చి బొప్పాయి కూర, గుమ్మడికాయ పులుసు, గంగవాయిలి వేపుడు. తొమ్మిదిళ్లు తిరిగిన సొరకాయను చివరికి కోసి పచ్చడి చేశారు. అరవై మందికి తలా ఒక చెంచా వచ్చింది.

పోసవ్వ ఒక్కొక్క దాన్నీ విచారించింది. గుమ్మడికాయ ఎవరిది? ఫలానా గేటుది. పుంటికూర? ప్రహరీ పక్కది. కొన్నది ఏదన్నా ఉందా అని లైను పిల్లలను కూడా అడిగింది. సలాడ్ ఆకు దగ్గర ఆగి, "గిదేంది, బర్రెలకా?" అంది.

ఇంజనీరు సారు మన్ను లేకుండ నీళ్లల్ల పండించిండని రాజవ్వ చెప్పింది. పోసవ్వ నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది.

"మన్ను లేనట్టే ఉన్నది."

రెండు వరసల విస్తళ్లు నవ్వాయి. రాజవ్వ కూడా నవ్వింది. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు పోసవ్వ విస్తట్లో అన్నాన్ని వేలితో చూపించింది.

"ఆకులు అలములు మీయే, ఒప్పుకుంట వదినె. మరి బువ్వ ఎవలిది? ఆకు తిని బతుకుతరా మీ పట్నపోళ్లు?"

నా పుస్తకంలో కూడా ఈ ప్రశ్న ఉంది. చివరి అధ్యాయంలో, చిన్న అక్షరాలతో. కూరగాయలు సరే, ధాన్యం సంగతి తరవాత చూద్దామని రచయిత జారుకున్నాడు. ఇక్కడ జారుకోవడానికి చోటు లేదు. రాజవ్వ చేతిలో పులుసు గరిటె అలాగే ఆగింది. లైను ఆడవాళ్లు విస్తళ్ల వంక చూశారు. నాలుగు రోజుల పట్టు ఒక ముద్ద దగ్గర ఓడిపోయింది, అది నిజం కూడా.

"బువ్వ మీదే అత్తా" అన్న గొంతు గడప దగ్గరి నుంచి వచ్చింది. మమత తొట్టెల తాడు పట్టుకుని కూర్చుని ఉంది. "మా నాయిన ముప్పై ఏండ్లు బొగ్గు తీసిండు. గా బొగ్గుతోని కరెంటు. కరెంటు లేంది మీ బోరు మోటరు తిరుగుతదా? మీ మడికి నీళ్లు ఎవలు పంపిన్రు?"

గట్టిగా అనలేదు. తొట్టెల ఊపడం కూడా ఆపలేదు. కానీ చివరి విస్తరి దాకా వినిపించింది. మల్లయ్య కాక ముద్ద నోటి దగ్గర పెట్టుకుని ఉండిపోయాడు. ముప్పై రెండేళ్లు తాను వరి కూడా పండించానని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

పోసవ్వ మెల్లగా తల తిప్పి కోడల్ని చూసింది. "నీకు గీ నోరు యాడ దొరికిందే? పెండ్లి నాడు లేకుండె."

"కొనుక్కరాలేదు వదినె" అంది రాజవ్వ, ఆగిన గరిటె పోసవ్వ విస్తట్లో వంచుతూ. "ఇంట్ల కాసిందే."

ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. అందరూ పోసవ్వ ముఖమే చూస్తున్నారు, మమత తప్ప. మమత తాడు చూస్తోంది. దాన్ని పట్టుకున్న వేళ్లు తెల్లబడి ఉన్నాయి. పోసవ్వ పులుసులో వేలు ముంచి నాకింది. కడియాలు పైకి తోసుకుంది. తరవాత బేసిను పట్టుకుని కొయ్యలా నిలబడిన నా వైపు తిరిగింది.

"గట్ల నిలవడ్డవేంది పిల్లా? బువ్వ మాది, నీళ్లు మా మమత నాయినయి, ఆకలి నాది. వెయ్యి."

మమతను పేరుతో పిలిచిందని ముందు గమనించింది షబానా. నా నడుము మీద పొడిచింది. నేను అన్నం వేశాను.